గుర్రాన్ని పడగొట్టింది లాయం, ఎండ కాదు

సంపాదకుడు గారికి నమస్కారం.

పోయిన వారం మీ పత్రిక జిల్లా పేజీలో ఒక ఫోటో వేశారు. పెళ్లి ఊరేగింపు మధ్యలో ఒక తెల్ల గుర్రం తారురోడ్డు మీద పక్కకు ఒరిగి పడి ఉంది. ఎండ ధాటికి కుప్పకూలిందని కింద రాశారు. తర్వాత ఇద్దరు పాఠకులు దాని మీద స్పందించారు. ఒకాయన గుర్రాల మీద ఊరేగింపులే రద్దు చేయాలన్నారు. ఇంకొకాయన, గుర్రం ఎడారి జంతువు, అరేబియాలో బతికినదానికి మన ఎండ ఒక లెక్కా అన్నారు. ఆ గుర్రం అంతకుముందు రాత్రి ఎక్కడ నిలబడిందని మాత్రం ఇద్దరిలో ఎవరూ అడగలేదు.

మాది వరంగల్‌లోని రంగశాయిపేట. మా తాత, మా నాన్న కాజీపేట స్టేషను నుంచి హనుమకొండ చౌరస్తా దాకా టాంగా తోలి బతికారు. ఆటోలు వచ్చాక టాంగాలు మూలపడ్డాయి, గుర్రాలు మిగిలాయి. నేను వాటిని పెళ్లిళ్లకు పంపుతాను. చైత్రం, వైశాఖం, జ్యేష్ఠం, ముహూర్తాలు ఎక్కువగా ఉండే నెలలు ఇవే. అంటే మాకు నాలుగు రూపాయలు వచ్చే కాలమూ, గుర్రానికి గండం వచ్చే కాలమూ ఒకటే. కాబట్టి నేను రాసేదాంట్లో నా స్వార్థం కూడా ఉందని ఎవరైనా అంటే కాదనను.

ఆ ఫోటోను కళ్లద్దాలు పెట్టుకుని మరీ చూశాను. గుర్రం మెడ పొడిగా ఉంది. వెనక తొడల సందున నురగ లేదు. వీపున మందపాటి మఖ్మలు గుడ్డ, దాని మీద జరీ పని, మెడ నిండా పూసల పట్టెడలు, నెత్తిన మిట్టమధ్యాహ్నపు ఎండ. ఆ స్థితిలో ఆరోగ్యంగా ఉన్న గుర్రానికి మెడంతా తెల్లటి నురగ కట్టాలి. గుర్రం చెమటలో నురగ తెప్పించే మాంసకృత్తు ఒకటి ఉంటుంది. అది చెమటను వెంట్రుకల వెంట పరిచి తొందరగా ఆరేలా చేస్తుంది. ఒంటి వేడిని తీసేది ఆ ఆరడమే. ఫోటో చూసి జబ్బు చెప్పడానికి నేను డాక్టరును కాను. కానీ అంత ఎండలో ఒళ్లు పొడిగా ఉందంటే రెండే కారణాలు నాకు తోస్తున్నాయి. చెమట పట్టడానికి ఒంట్లో నీరూ ఉప్పూ మిగల్లేదు, లేదా చెమట పట్టే గుణమే పోయింది. ఈ రెండోది కొత్త సంగతేమీ కాదు. బ్రిటిష్ వాళ్లు మన దేశానికి తెచ్చిన సైన్యపు గుర్రాల్లో, పందెపు గుర్రాల్లో దీన్ని ఎప్పుడో గమనించారు. వేడిలో, ఉక్కలో విడుపు లేకుండా ఉంచితే కొన్ని గుర్రాలకు క్రమంగా చెమట ఆగిపోతుంది. ఒక ఊరేగింపులో జరిగే పని కాదది.

గుర్రం ఒంటి వేడి మామూలుగా 37.5 నుంచి 38.5 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంటుంది. నిలకడగా ఉన్నప్పుడు నిమిషానికి 8 నుంచి 16 సార్లు ఊపిరి తీస్తుంది. బరువైన ఒళ్లు, ఆ బరువుకు తగినంత చర్మం లేదు, అందుకే ఎక్కిన వేడి మనిషికి దిగినంత తేలిగ్గా దానికి దిగదు. పైగా లోపల ఎప్పుడూ పొయ్యి వెలుగుతూనే ఉంటుంది. తిన్న గడ్డి పెద్ద పేగులో పులుస్తూ వేడి పుట్టిస్తుంది. ఊరికే నిలబడ్డ గుర్రం కూడా ఇంచుమించు ఒక చిన్న ఇస్త్రీపెట్టె అంత వేడిని ఎప్పుడూ బయటికి వదులుతూనే ఉంటుంది. పగలు ఎక్కిన వేడి రాత్రి దిగాలి. దిగితే మర్నాటి ఎండను తట్టుకుంటుంది. దిగకపోతే, నిన్నటి బాకీ తీరకుండానే ఇవాళ్టి ఎండలోకి వెళుతుంది.

ఇప్పుడు మా వృత్తిలోవాళ్ల కొట్టాలు చూడండి. హనుమకొండలోనైనా, కరీంనగర్‌లోనైనా, పెద్దపల్లిలోనైనా అంతా ఒకటే తీరు. మూడు వైపులా ఇటుక గోడ, చెయ్యి ఎత్తితే తగిలే ఎత్తులో ఇనుప రేకులు, ముందు షట్టరు. అది గుర్రం కోసం కట్టింది కాదు, ఎవరో దుకాణానికి కట్టుకున్న గదిని అద్దెకు తీసుకుంటారు. పగలు రేకు కాలుతుంది, ఆ సెగ నేరుగా గుర్రం వీపు మీద పడుతుంది. పొద్దు గూకాక రేకు తొందరగానే చల్లారుతుంది. ఇటుక గోడ చల్లారదు, అర్ధరాత్రి అరచెయ్యి ఆనిస్తే ఇంకా వెచ్చగానే ఉంటుంది. సరిగ్గా ఆ వేళకే, దొంగల భయంతోనో కుక్కల భయంతోనో షట్టరు దించుతారు. లోపల రెండో మూడో గుర్రాలు, వాటి ఊపిరి, మూత్రం ఘాటు. తెల్లవారి షట్టరు ఎత్తినప్పుడు మొహానికి కొట్టే ఆ ఆవిరి నాకు బాగా తెలుసు, కళ్లు మండుతాయి. మనం ఒక్క నిమిషం నిలబడలేని గాలిలో అది రాత్రంతా నిలబడింది. మర్నాడు దానికి జీను వేసి ఎండలోకి తోలుతాం.

అందుకే నేను చెప్పేది ఒక్కటే. కూలర్లు, ఐసుగడ్డలు తర్వాత. ముందు ఆ షట్టరు పీకేయండి. దాని చోట ఇనుప గొట్టాల గేటు పెట్టించండి, తాళం దానికీ పడుతుంది. ఎదుటి గోడలో గుర్రం రొమ్ము ఎత్తున ఒక బారు కిటికీ తీయించి జాలీ బిగించండి. పైకప్పు కింద, గోడకూ రేకుకూ మధ్య జానెడు ఖాళీ వదలండి. వేడిగాలి పైకి పోతుంది, దానికి దారి ఉండాలి. కింద నుంచి చల్లగాలి రావాలి, దానికీ దారి ఉండాలి. ఇంతకు మించి పెద్ద శాస్త్రమేమీ లేదు. కోటలోని ఖుష్ మహల్‌లోకి మే నెల మధ్యాహ్నం అడుగుపెట్టినవాళ్లకు ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు. దళసరి రాతిగోడలు, ఎత్తైన కమానులు, అటూ ఇటూ తెరుచుకున్న దారులు. అక్కడ కూలరు లేదు. మనం రాళ్లతో కట్టలేం, ఎత్తు మాత్రం పెంచుకోగలం. కొత్తగా కట్టేవాళ్లు రేకును కనీసం పన్నెండు అడుగుల ఎత్తున వేయండి. కొట్టం పొడవు తూర్పు పడమరలుగా ఉంటే పొద్దుటి ఎండ, సాయంత్రపు ఎండ పొట్టి గోడల మీదే పడతాయి.

రేకుల సంగతి. సిమెంటు రేకు అయితే సున్నం బాగా పడుతుంది. సున్నంలో కాస్త ఫెవికాల్ కలిపి రెండు పూతలు పూస్తే వేసవి గడుస్తుంది. ఇనుప రేకు మీద సున్నం పొరలుగా రాలిపోతుంది, దానికి తెల్ల పెయింటే గతి. పైన వరిగడ్డి పరిచేవాళ్లున్నారు. మా వైపు రెండు పంటలు పండుతున్నాయి కాబట్టి గడ్డికి కొదవ లేదు, చల్లదనమూ నిజమే. కానీ పక్క వీధి పెళ్లిలో కాల్చిన తారాజువ్వ వచ్చి గడ్డి మీద పడితే? లోపల కట్టేసిన గుర్రం పగ్గం తెంపుకోలేదు. నేను మాత్రం రేకు కింద మూరెడు ఎడంతో వెదురు తడకలు కట్టించాను. రేకు సెగ తడకకు తగిలి ఆగుతుంది, మధ్యలోని వేడిగాలి పక్కలకు పోతుంది. ఖర్చు కూడా పెద్దగా కాలేదు.

పడమటి గోడ పక్కన కానుగ నాటండి. మార్చి, ఏప్రిల్‌లో పాత ఆకు రాల్చి కొత్త చిగురు తొడుగుతుంది, సరిగ్గా మనకు నీడ కావలసిన వేళకు గుబురుగా తయారవుతుంది. వేప కూడా మంచిదే. గన్నేరు మాత్రం వద్దు. పూలు బాగున్నాయని, నీళ్లు లేకపోయినా బతుకుతుందని హైవే డివైడర్ల నిండా పెంచుతున్నారు. గుప్పెడు ఆకులు గుర్రం ప్రాణం తీస్తాయి, ఎండిన ఆకైనా అంతే. ఊరేగింపు ముగించి రోడ్డు మధ్యన గుర్రాన్ని ఆపే కుర్రాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి.

తడి గోనెపట్టాల గురించి నన్ను చాలామంది అడుగుతారు. ఏప్రిల్, మే నెలల్లో మన దగ్గర గాలి పొడిగా ఉంటుంది. పడమటి వైపు గోనెపట్టాలో వట్టివేళ్ల తడకలో కట్టి తడుపుతుంటే వడగాడ్పు వాటి గుండా వచ్చేటప్పటికి చల్లబడుతుంది. అయితే వచ్చిన గాలి ఎదుటి వైపు నుంచి బయటికి పోవాలి. నాలుగు వైపులా మూసి మధ్యలో కూలరు పెట్టేవాళ్లను చూశాను. గంటలో ఆ గది ఉక్కతో నిండిపోతుంది, గుర్రానికి పట్టిన చెమట ఆరదు, కూలరు లేనప్పుడే నయం. మృగశిర కార్తె వచ్చి నాలుగు చినుకులు పడ్డాక ఈ తడి పట్టాలన్నీ విప్పేయాలి. అప్పటికి గాలిలోనే తేమ ఉంటుంది, మనం ఇంకా నీళ్లు చల్లితే లాభం లేదు సరికదా హాని. అప్పుడు పనికొచ్చేది ఫ్యాను. అది కూడా గుర్రం నోటికి తీగ అందని ఎత్తులో ఉండాలి. మా ఆడగుర్రానికి కనబడిన తీగనల్లా కొరికే పాడలవాటు ఉంది.

పట్టా తడిపే నీళ్లు నేల మీదికి కారి నిలిస్తే గిట్టలు మెత్తబడి అడుగున కుళ్లు పడుతుంది. నేలకు మొరం వేసి, వాలు ఇచ్చి, పైన ఇసుక పరిస్తే ఆ బాధ ఉండదు.

ఇక తాగే నీళ్లు. మామూలు రోజుల్లో గుర్రం రోజుకు పాతిక, ముప్పై లీటర్లు తాగితే, ఎండల్లో దానికి రెట్టింపు కావాలి. నీళ్లు పెడుతూనే ఉన్నాం, అదే తాగడం లేదని చాలామంది అంటారు. ఎందుకు తాగడం లేదు? మేడ మీది నల్ల ప్లాస్టిక్ ట్యాంకు నుంచి మధ్యాహ్నం రెండింటికి పట్టిన బకెట్టులో వేలు పెట్టి చూడండి. ఆ నీళ్లు మనమే తాగం. మా నాన్న సిమెంటు గోలేన్ని వేపచెట్టు మొదట్లో పెట్టి, తెల్లవారుజామున నింపి, రోజూ పీచుతో రుద్ది పాకుడు కడిగేవారు. గుర్రం ముక్కుకు పాకుడు వాసన తగిలితే దాహంతో చస్తుంది గానీ మూతి పెట్టదు. చెమటతో పాటు ఉప్పు కూడా పోతుంది. మనిషి చెమటకంటే గుర్రం చెమటలో ఉప్పు ఎక్కువ. కాబట్టి దాణాలో రోజూ ఒక పిడికెడు కల్లుప్పు వేయాలి. ఉప్పు వేస్తే దాహమూ వేస్తుంది, నీళ్లూ తాగుతుంది. నీళ్లు చాలక ఎండుగడ్డి పేగులో గట్టిపడితే శూల వస్తుంది, ఆ నొప్పికి నేల మీద పడి దొర్లుతుంది. వేసవిలో మా గుర్రాలను ఎక్కువగా తీసుకుపోయేది అదే. మేత తెల్లవారకముందు ఒకసారి, రాత్రి చల్లబడ్డాక ఒకసారి వేయండి. గడ్డి పులిసి వేడి పుట్టే వేళ మధ్యాహ్నం కాకుండా చూసుకోవచ్చు. ఉలవలు తగ్గించి, దొరికినంతలో పచ్చిమేత పెట్టండి.

ఎండన పడి వచ్చిన గుర్రం మీద చన్నీళ్లు పోస్తే కాళ్లు పట్టేస్తాయని, నీళ్లు తాగిస్తే చచ్చిపోతుందని మా పెద్దవాళ్లు భయపడేవారు. ఇప్పటికీ ఆ భయం పోలేదు. 1996 అట్లాంటా ఒలింపిక్స్ ముందు, అక్కడి ఎండకు గుర్రాలు ఎలా తట్టుకుంటాయోనని గట్టి పరిశోధనలు జరిగాయి. చన్నీళ్లతో చల్లబరచడం వల్ల నష్టం లేదని, అదే మంచి మార్గమని తేలింది. మెడ మీద, రొమ్ము మీద, వీపు మీద, తొడల మీద ఆపకుండా పోయాలి. నీడలో, గాలి తగిలే చోట పోయాలి. తడిగుడ్డ కప్పి వదిలేయకూడదు. ఆ గుడ్డే కాసేపటికి వేడెక్కి, కిందినుంచి పోయే వేడిని ఆపుతుంది. మధ్యమధ్య బకెట్టు మూతి దగ్గర పెట్టండి, తాగితే తాగనివ్వండి.

ప్రమాదం ముందే తెలుసుకోవాలంటే మెడ పక్కన చర్మం చిటికెతో పట్టి లాగి వదలండి. వెంటనే సర్దుకుంటే నయం, ముడుత అలాగే నిలిస్తే ఒంట్లో నీరు లేదు. పెదవి ఎత్తి చిగురును వేలితో నొక్కండి. తెల్లబడిన చోటు రెండు సెకన్లలో మళ్లీ ఎర్రబడాలి. పక్కటెముకలు ఎగిరెగిరి పడుతుంటే, ముక్కుపుటాలు విచ్చుకునే ఉంటే, ఒంటి వేడి 40 డిగ్రీలు దాటితే ఆలోచించవద్దు. ఒకపక్క నీళ్లు పోస్తూనే ఇంకోపక్క 1962కు ఫోన్ చేయండి, పశువుల అంబులెన్సు నంబరు అది. వరంగల్ వాళ్లకు మామునూరులో, జగిత్యాల వైపు వాళ్లకు కోరుట్లలో పశువైద్య కళాశాలలు ఉన్నాయి. వాళ్లను కూడా ఒక మాట అడుగుతాను. గేదెలకు, గొర్రెలకు శిబిరాలు పెడుతున్నట్టే వేసవికి ముందు ఒక్క రోజు గుర్రాలవాళ్లను పిలవండి. దేశంలో 2012 పశుగణనలో 6 లక్షలకు పైగా ఉన్న గుర్రాలు 2019 నాటికి 3.4 లక్షలకు పడిపోయాయి. గుర్రాలతో పాటు వాటిని ఎరిగిన మనుషులూ తగ్గిపోయారు. ఇప్పుడు గుర్రం పట్టుకుంటున్న కుర్రాళ్లలో చాలామందికి బైకు సర్వీసింగు తెలిసినంత గుర్రం తెలియదు. చెప్పేవాళ్లుంటే నేర్చుకుంటారు, వాళ్ల తప్పు లేదు.

పెళ్లివాళ్లకు రెండు మాటలు. బండి లాగే, బరువు మోసే జంతువుల కోసం 1965లో కేంద్రం చేసిన నిబంధనలు ఉన్నాయి. ఎండ 37 డిగ్రీలు దాటే చోట పగలు 12 నుంచి 3 గంటల దాకా వాటితో పని చేయించకూడదు. పెళ్లికొడుకు బరువు కిందికి వస్తాడా అని ఒక పెద్దమనిషి నాతో వాదించాడు. నేను పెళ్లికొడుకును పైకి, కిందికి చూసి, వస్తాడనే చెప్పాను. ముహూర్తం పదకొండున్నరకు ఉంటే ఎదురుకోలు పది లోపు ముగించండి. డీజే దగ్గర డ్యాన్సులు అయ్యేదాకా గుర్రాన్ని ఎండలో నిలబెట్టకండి. ఒక ఫంక్షన్ హాలులో మా గుర్రాన్ని తీసుకెళ్లి జనరేటరు పక్కన కట్టమన్నారు, నీడ అక్కడే ఉందట. మఖ్మలు గుడ్డ ఫోటోకు బాగుంటుంది, నిజమే, ఫోటో అయ్యాక తీసేయనివ్వండి. తీయబోతే డబ్బులిచ్చింది దానికే కదా అంటారు.

ఊరేగింపులు రద్దు చేయాలన్న పాఠకుడికి నా జవాబు కూడా ఇక్కడే ఉంది. రేపు ఊరేగింపులు ఆపేస్తే గుర్రం అదే షట్టరు వెనక, అదే రేకు కింద, ఈసారి సంపాదన లేకుండా నిలబడుతుంది. దాణా ఎవరు పెడతారు? ఎడారి జంతువన్న పాఠకుడికి కూడా ఒక మాట. అరేబియా గుర్రం రాత్రి నిద్రపోయింది ఆరుబయటో గుడారంలోనో, షట్టరు దించిన గదిలో కాదు.

చివరగా అధికారులకు. మన రాష్ట్రం 2023లో కూల్ రూఫ్ విధానం తెచ్చింది. ఇంటి కప్పుల మీద తెల్ల పూత వేస్తే లోపల వేడి తగ్గుతుందని ప్రభుత్వమే చెబుతోంది. ఆ పూతను పశువుల కొట్టాలకు, లాయాలకు కూడా రాయితీ మీద ఇప్పించండి. రామగుండం, ఆదిలాబాద్ వైపు ఏటా ఎండలు ఎలా కాస్తున్నాయో మీకు తెలియనిది కాదు. ఇంకో సంగతి, మా నాన్న రోజుల్లో టాంగా గుర్రాలు ఉర్సు చెరువులో దిగి కడుపారా తాగి, ఒళ్లు తడుపుకుని వచ్చేవి. ఇప్పుడు గుర్రాన్ని ఊరి మధ్య నుంచి తీసుకెళుతుంటే దారిలో దానికి గుక్కెడు నీళ్లు దొరికే చోటు లేదు. ఫంక్షన్ హాళ్లు బారులు తీరిన ప్రతి రోడ్డులో, చెట్టు నీడన ఒక నీళ్ల తొట్టి కట్టించమని నగరపాలక సంస్థను అడుగుతున్నాను. ఆవులూ తాగుతాయి, మేకలూ తాగుతాయి. మా వీధిలో కట్టిస్తే, రోజూ పాకుడు కడిగే పని నేను చూసుకుంటాను.

ఇట్లు,
ఒక గుర్రాల యజమాని,
రంగశాయిపేట, వరంగల్